కలియుగ భీముడు కోడి రామమూర్తి: బలమే బతుకుదెరువైన కథ

బలవంతుల ముచ్చట్లంటే మన జిల్లావాళ్లకు చెవి కోసుకునేంత ఇష్టం. మా జక్రాన్‌పల్లి దిక్కు ఏ ఊళ్లో జాతర అయినా కుస్తీలు లేకుంటే అది జాతర కిందికే రాదు. కొబ్బరికాయ పందెంతో మొదలైన కుస్తీ పొద్దుగూకే వేళకు వెండి కడెం దాకా పోతుంది. బోధన్ దగ్గరి హున్సా గ్రామంలోనైతే హోళీ నాడు తాడుకు అటొక గుంపు, ఇటొక గుంపు నిలబడి పిడిగుద్దులాట ఆడుతారు. ఆట ముగిసినంక అదే చేతులతో అలాయ్ బలాయ్ ఇచ్చుకుంటారు. ఇక నిఖత్ జరీన్ పేరు తెలియనివారు మన కళాశాలలో ఉండరు. నిజామాబాద్ పట్టణంలో గ్లవ్స్ తొడిగిన ఆ అమ్మాయి 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో ఢిల్లీలోనూ ప్రపంచ బాక్సింగ్ చాంపియన్ అయింది.

ఇటువంటి జిల్లాలో పుట్టిన నేను, మనకు చాలా దూరాన ఉత్తరాంధ్రలో పుట్టిన ఒక మనిషి గురించి ఈ సావనీరులో రాయడానికి కారణం ఉంది. ఆయన కాలంలో స్పోర్ట్స్ కోటా లేదు, క్రీడా సంస్థలు లేవు, ఉద్యోగాలు లేవు, ఇన్సూరెన్సు అసలే లేదు. ఉన్నది ఒక్క దేహం. ఆ దేహాన్నే పెట్టుబడిగా పెట్టి ఆయన ప్రపంచం చుట్టివచ్చాడు. ఆ పెట్టుబడి ఆయనకు ఏమిచ్చింది, ఏమి తీసుకున్నది అన్నదే ఈ వ్యాసంలో నేను లెక్క చూడదలచుకున్నది. ఆ మహానుభావుడే కోడి రామమూర్తి నాయుడు.

వీరఘట్టం నుంచి విజయనగరానికి

రామమూర్తి 1880ల మొదట్లో వీరఘట్టంలో పుట్టాడు. అప్పట్లో అది మద్రాసు రాజధానిలోని చిన్న ఊరు. మొన్నమొన్నటి దాకా శ్రీకాకుళం జిల్లా కింద ఉండి, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చింది. తండ్రి పేరు వెంకన్న నాయుడు. తల్లి చిన్నతనంలోనే పోయింది. తల్లి లేని పిల్లవాడికి చదువు మీద ధ్యాస నిలవలేదు. తెల్లవారక ముందే లేచి ఊరి చెరువు దగ్గరికి పోవడం, దండీలు బస్కీలు తీయడం, కుస్తీ పట్టడం, మళ్లీ ఇంటికి రావడం, ఇదే ఆయన బడి.

ఇట్లా అయితే కొడుకు చేయి జారిపోతాడని భయపడి తండ్రి అతణ్ణి విజయనగరంలో ఉన్న తన తమ్ముడు నారాయణస్వామి దగ్గరికి పంపించాడు. పినతండ్రి పోలీసు శాఖలో పనిచేసేవాడు. మంచి చదువు చెప్పించాలని ఆయన తాపత్రయం. కాని విజయనగరం సామాన్యమైన ఊరు కాదు. సంస్థానం పోషణలో సంగీతం, సాహిత్యం, మల్లవిద్య మూడూ వర్ధిల్లిన చోటు. దేశభక్తి గేయంలో కండబలాన్ని మెచ్చుకున్న గురజాడ అప్పారావుగారు కూడా ఆ రోజుల్లో ఆ ఊళ్లోనే ఉండేవారు. చదువుకోసం పంపిన పిల్లవాడు అక్కడ వ్యాయామశాలకు మరింత దగ్గరయ్యాడు. పినతండ్రి తెలివైనవాడు. పిల్లవాడి కాలికి అడ్డం పడకుండా, ఆ ఇష్టంలోంచే ఒక ఉద్యోగానికి దారి వెతికాడు.

ఆ దారి మద్రాసుకు తీసుకుపోయింది. సైదాపేటలో వ్యాయామ ఉపాధ్యాయుడి శిక్షణ పొంది, సర్టిఫికెట్ పట్టుకొని తిరిగివచ్చిన రామమూర్తి విజయనగరంలో తాను చదివిన హైస్కూల్లోనే వ్యాయామ ఉపాధ్యాయుడయ్యాడు. మద్రాసులో పేరుమోసిన వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాల 1920లో గాని పుట్టలేదు. అంతకు ఎంతో ముందే ఒక తెలుగు కుర్రవాడు వ్యాయామాన్ని వృత్తిగా చదువుకున్నాడంటే అది చిన్న విషయమా!

అప్పటికే ఆయన బలం గురించి కథలు మొదలైనాయి. ఇరవయ్యొక్కటో ఏటనే ఒకటిన్నర టన్నుల బరువును రొమ్ము మీద మోశాడని, తరువాత అది మూడు టన్నులకు పెరిగిందని చెప్పుకుంటారు. నా వయసు ఇప్పుడు ఇరవై. పసుపు తవ్వినంక బస్తాలు ట్రాక్టర్‌కు ఎత్తే పని ప్రతి ఏడూ చేస్తాను. ఒకటిన్నర టన్నులంటే పదిహేను క్వింటాళ్లు. ఆ మాట విన్నప్పుడు నాకు అంకె కనిపించలేదు, మా కల్లంలో పోసిన పసుపు కుప్ప కనిపించింది.

జీతం వదిలి డేరా కిందికి

డ్రిల్లు మాస్టారు ఉద్యోగంలో నెలకింత జీతం వస్తుంది. ఇంటికి ఒక భరోసా. మన ఊళ్లల్లో ఎవరైనా అటువంటి కొలువు వదిలిపెడితే ఏమంటారో మీకు తెలుసు. రామమూర్తి దాన్నే వదిలిపెట్టాడు. పొట్టి పంతులు అనే మిత్రుడితో కలిసి విజయనగరంలో సర్కస్ కంపెనీ పెట్టాడు. ఇష్టం కొద్దీ చేసే సాధన ఆ రోజు నుంచి వృత్తి అయింది. బాక్సింగ్ భాషలో చెప్పాలంటే అమెచ్యూర్ ప్రొఫెషనల్‌గా మారాడు.

సర్కసే ఎందుకు? దానికి కాలం కారణం. మన దేశంలో సర్కస్‌కు ఆద్యుడు మహారాష్ట్రకు చెందిన విష్ణుపంత్ ఛత్రే. ఆయన గ్రేట్ ఇండియన్ సర్కస్ 1880లో బొంబాయిలో మొదటి ప్రదర్శన ఇచ్చింది. ఆ తరువాత కేరళలోని తలశ్శేరిలో కీలేరి కుంఞికణ్ణన్ శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టి ఎందరో సర్కస్ కళాకారులను తయారుచేశాడు. ఇంకోవైపు యూరప్‌లో యూజెన్ సాండో అనే జర్మనీ మనిషి కండల ప్రదర్శనను పెద్ద వ్యాపారం చేశాడు. ఆయన 1905 ప్రాంతాల్లో మన దేశానికీ వచ్చాడు. సాండో బనీను అని మన తాతలు అన్న మాట ఆయన పేరు మీదుగా వచ్చిందే. టిక్కెట్టు కొని బలాన్ని చూడడానికి జనం సిద్ధంగా ఉన్న కాలం అది. రాజులిచ్చే పోషణ అంతంత మాత్రమే. పైల్వానుకు కుస్తీ ఉంటేనే కూడు. సర్కస్ డేరా మాత్రం రోజూ లేస్తుంది.

అయితే డేరాకు ఖర్చు తక్కువా? గుర్రాలకు గడ్డి, ఏనుగులకు మేత, పనివాళ్లకు జీతం, ఊరి నుంచి ఊరికి రైలు కిరాయి. వాన కురిసి ఆట ఆగిన నాడు కూడా ఏనుగు ఆకలి ఆగదు. యవుసం చేసేవాళ్లకు ఈ బాధ చెప్పనక్కరలేదు. రాబడి వచ్చినా రాకున్నా ఎడ్లకు మేత వేయాల్సిందే. అందులోనూ ఆ కంపెనీకి అసలు ఆకర్షణ ఒక్క మనిషి. ఆ మనిషికి జ్వరమొస్తే ఆ రోజు ఆట లేనట్టే.

ప్రొఫెసర్ రామమూర్తి అనే పేరుతో ఆయన డేరా ఆంధ్ర దేశం దాటి మద్రాసు, పూనా, కలకత్తాల దాకా పోయింది. కలకత్తాలో భవేంద్రమోహన్ సాహా అనే బెంగాలీ కుర్రవాడు ఆయన ప్రదర్శన చూసి, ఇల్లు వదిలి ఆయన సర్కస్‌లో చేరిపోయాడు. ఆయన దగ్గర నేర్చుకొని తరువాత భీమ్ భవానీ అన్న పేరుతో బెంగాల్‌లో ఇంటింటికీ తెలిసిన బలశాలి అయ్యాడు. ఒక తెలుగువాడి శిష్యుడు బెంగాల్‌కు భీముడయ్యాడన్న సంగతి మనలో ఎంతమందికి తెలుసు?

ఏనుగు, గొలుసు, మోటారుకారు

రామమూర్తి ప్రదర్శనల్లో మూడు చాలా ప్రసిద్ధం. ఒకటి, రొమ్ము మీద చెక్క పరిచి దాని మీదుగా ఏనుగును నడిపించడం. రెండు, ఒంటికి ఇనుప గొలుసు బిగించుకొని ఊపిరి పూరించి తెంపడం. మూడు, రెండు చేతులకు తాళ్లు కట్టుకొని ఇరుపక్కల మోటారుకార్లను కదలకుండా ఆపడం. సైన్సు విద్యార్థిని కాబట్టి వీటిని వింటే నా చేయి ఊరుకోదు, లెక్క వేస్తుంది. మిత్రులు కొందరు ఇదంతా కనికట్టు అని కొట్టిపారేస్తారు. కొందరు దైవశక్తి అంటారు. లెక్క ఏమంటుందో చూద్దాం.

మూడు టన్నుల ఏనుగు అనుకుందాం. అది చెక్క ఎక్కి దిగుతుంది గనుక మొత్తం బరువు ఒకేసారి రొమ్ము మీద పడదు. ముందుకాళ్లు రొమ్ముకు సరిగ్గా పైన ఉన్నప్పుడు వెనుకకాళ్లు ఇంకా నేలవైపే ఉంటాయి. చెక్క చివరి అంచు నేలకు ఆని కొంత భారం అటు పంచుకుంటుంది. కాబట్టి సగమే రొమ్ముకు వచ్చిందనుకున్నా ఒకటిన్నర టన్నులు. చెక్క 30 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల పొడవు మేర ఒంటికి ఆనిందనుకుంటే 1,200 చదరపు సెంటీమీటర్లు. అంటే ఒక్కో చదరపు సెంటీమీటరు మీద కిలోంబావు బరువు. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి కంటే అది కాస్త ఎక్కువే.

ఊపిరి బిగబట్టి ఆ బరువును ఆపాడని అందరూ చెబుతారు. మామూలు మనిషి గట్టిగా ఊదితే రొమ్ములో పుట్టే పీడనం ఇందులో పదోవంతు, బలశాలి అయితే ఐదోవంతు. మిగతా భారం అంతా పక్కటెముకలు, వాటిని పట్టి ఉంచిన కండరాలు మోయాలి. ఊపిరి చేసే పని ఏమిటంటే ఆ ఎముకల గూడు లోపలికి ముడుచుకోకుండా లోపలి నుంచి ఒక దన్ను ఇవ్వడం. ఆ నాలుగు క్షణాల్లో ఊపిరి ఒక్కసారి జారితే ఎముకలు విరుగుతాయి. కనికట్టులో ఇంత ప్రమాదం ఉండదు. చెక్క పరిచే పద్ధతిలో తెలివి ఉంది, చెక్క కింద మనిషి మాత్రం నిజంగానే ఉన్నాడు.

కార్ల సంగతి ఇంకా చమత్కారంగా ఉంటుంది. ఆ కాలపు ఫోర్డ్ మోడల్ టి కారు 1908లో వచ్చింది. ఇంజన్ 20 గుర్రాల శక్తిది, బండి బరువు ఐదారు వందల కిలోలు. ఇరవై గుర్రాలను ఒక్క మనిషి ఆపాడా అని మనం నోరు తెరుస్తాం. అయితే కారు లాగగలిగే బలానికి ఒక హద్దు ఉంది. నేలకు, వెనుక చక్రాలకు మధ్య ఉన్న రాపిడి ఎంతో అంతే అది లాగగలదు. వెనుక చక్రాల మీద మూడు వందల కిలోల బరువు పడి, మట్టినేల మీద రాపిడి అందులో సగం ఉంటే, కారు లాగేది నూటయాభై కిలోల బరువుకు సమానమైన బలంతో. అంతకు మించితే చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. వానాకాలం మా పొలం బురదలో ట్రాక్టర్ కూరుకుపోయినప్పుడు చూస్తాం కదా, ఇంజన్ ఎంత అరిచినా బండి కదలదు.

రెండు కార్లు చెరొక దిక్కు లాగినప్పుడు ఆ రెండు బలాలు ఆయన ఒంటిలోనే ఒకదానినొకటి కొట్టేసుకుంటాయి. పాదాలు జారే భయం తక్కువ. కాని రెండు భుజాల కీళ్లు, మణికట్లు, వెన్ను నూటయాభై కిలోల లాగుడును తాడులాగా భరించాలి. ఒకటే కారును ఆపడం వేరు. అప్పుడు పాదాల కింద నేల పట్టు ఇవ్వాలి. కారు కదలక ముందే తాడు బిగువుగా ఉండాలి. కాస్త వేగం అందుకుందంటే దాని ఊపును ఏ భీముడూ ఆపలేడు. 1905 నుంచి 1910 దాకా వైస్రాయిగా ఉన్న లార్డ్ మింటో ఈ ప్రదర్శనను నమ్మలేక తన కారులో తానే కూర్చొని నడిపాడని, రామమూర్తి దాన్ని అంగుళం కదలనివ్వలేదని తెలుగునాట తరతరాలుగా చెప్పుకుంటున్నారు. భౌతికశాస్త్రం ఆ కథను కాదనదు. తాడును మొదటి క్షణం నుంచే బిగించి పట్టగల నేర్పు, ఆ బిగువును తట్టుకొనే భుజం ఉండాలి. ఆ రెండూ ఆయనకు ఉన్నాయి.

ఆయన శాకాహారి. పాలు, నెయ్యి, బాదం, ప్రాణాయామం, ఇవే ఆయన బలానికి మూలమని ఆయనను ఎరిగినవారు చెప్పేవారు. మాంసం తింటేనే కండ అని వాదించే మన హాస్టల్ మిత్రులు ఈ మాట గుర్తుంచుకోవాలి. పాలు, పప్పులు, గింజల్లోనూ మాంసకృత్తులు ఉన్నాయి. కాకపోతే అవి రోజూ సరిపడా దొరకాలి. హాస్టల్ పప్పులో ఆ పాటి పప్పు కనబడడం వేరే సమస్య!

తెల్లదొరల ముందు నల్ల బలం

ఆ రోజుల్లో ఒక మనిషి బలం అంటే ఆ మనిషి ఒక్కడి సంగతి కాదు. ఇండియా వాళ్లు నీరసులు, తమను తాము కాపాడుకోలేనివారు అని పాలకులు రాసుకున్న కాలం. 1905లో వంగ విభజన జరిగింది, స్వదేశీ ఉద్యమం లేచింది. బెంగాల్‌లోనూ మహారాష్ట్రలోనూ వ్యాయామశాలలు దేశభక్తికి బడులయ్యాయి. అటువంటి సమయంలో పూనాలో లోకమాన్య తిలక్ రామమూర్తి ప్రదర్శన చూసి మల్లమార్తాండ బిరుదు ఇచ్చాడని చెబుతారు. మదనమోహన మాలవ్యా ప్రోత్సాహంతో ఆయన లండన్ ప్రయాణం కట్టాడని, ఐదో జార్జి చక్రవర్తి, మేరీ రాణి ఆయన బలాన్ని చూసి ఇండియన్ హెర్క్యులస్ అని మెచ్చుకున్నారని ప్రసిద్ధి. మనవాళ్లు పెట్టుకున్న పేరు మాత్రం కలియుగ భీముడు. హెర్క్యులస్ గ్రీకువాడు, భీముడు మన ఇంటివాడు. ఏ బిరుదు జనం నాలుక మీద నిలిచిందో వేరే చెప్పాలా?

అదే కాలంలో ప్రపంచమంతటా ఇటువంటి కథే నడుస్తున్నది. 1908 డిసెంబరులో సిడ్నీలో జాక్ జాన్సన్ టామీ బర్న్స్‌ను ఓడించి హెవీవెయిట్ బాక్సింగ్‌లో మొట్టమొదటి నల్లజాతి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 1910 జులై 4న అమెరికాలోని రీనోలో, రిటైరైన జిమ్ జెఫ్రీస్‌ను బతిమాలి తీసుకొచ్చి జాన్సన్ మీదికి నిలబెట్టారు. జాన్సన్ ఆయననూ ఓడించాడు. ఆ రాత్రి అమెరికా నగరాల్లో అల్లర్లు జరిగి మనుషులు చచ్చిపోయారు. అదే ఏడు సెప్టెంబరులో లండన్‌లో మన గామా పైల్వాన్ ముందు పోలండ్ వస్తాదు జిబిస్కో గంటల తరబడి నేలను కరచుకొని పడుకున్నాడు. తేలని ఆ కుస్తీకి మరో తేదీ పెడితే జిబిస్కో రానేలేదు, గెలుపు గామాకు దక్కింది. ఒక మనిషి ఒంటి బలం ఒక జాతి మానమర్యాదలకు కొలబద్ద అయిన కాలమది. ఆ వరసలో మన తెలుగునేల నుంచి నిలబడ్డవాడు రామమూర్తి.

తేడా ఒకటి ఉంది. జాన్సన్‌కు, గామాకు ఎదుట ఒక ప్రత్యర్థి ఉన్నాడు. గెలిచాడో ఓడాడో లోకానికి తెలుస్తుంది. రామమూర్తికి ఎదుట ఏనుగు, ఇనుము, ఇంజను. గెలిస్తే జనం చప్పట్లు కొట్టి రేపు ఇంకాస్త బరువు అడుగుతారు. ఓడితే మళ్లీ ఆట ఉండదు. స్పెయిన్‌లో కోడెతో పోరాడే ఆటలోకి దిగి, అలవాటు లేకున్నా దాని కొమ్ములు పట్టి వంచాడనే కథ కూడా ప్రచారంలో ఉంది. కొమ్ముల మీద చేయి వేసినవాడికి తెలుస్తుంది, పొగరు ఎక్కిన కోడె ముందు నిలబడడమే ఎంత కష్టమో. బర్మాలో ఆయన మీద అసూయతో చంపడానికి ప్రయత్నం జరిగిందని, తప్పించుకొని స్వదేశం చేరాడని అంటారు. చాలా సంపాదించాడు, సంపాదించింది దానధర్మాలకు, మంచి పనులకు ధారపోశాడు. వెనుకేసుకోవడం ఆయనకు చేతకాలేదు.

చివరి అంకం

ఇంత బలానికి ఎదురునిలిచింది ఒక పుండు. కాలి మీద లేచిన పుండు మానలేదు. ముదిరి ముదిరి చివరికి కాలు తీసివేయవలసి వచ్చింది. శస్త్రచికిత్సకు మత్తుమందు వద్దని, ప్రాణాయామంతో ఊపిరి బిగబట్టి ఆ కోత భరించాడని చెబుతారు. ఏనుగు కింద నేర్చుకున్న విద్య ఆఖరికి అక్కడ పనికివచ్చింది.

పుండు అంటే మనకిప్పుడు పెద్ద భయం లేదు. మందుల దుకాణానికి పోతే నాలుగు మాత్రలు ఇస్తారు. కాని శుద్ధి చేసిన పెన్సిలిన్‌ను ఒక రోగికి మొదటిసారి ఇచ్చి చూసింది 1941లో, ఇంగ్లండులో. అది మామూలు జనానికి అందడానికి ఇంకా ఏళ్లు పట్టింది. చర్మం మీద చిన్న గాయం కూడా రక్తంలోకి విషమై పాకే కాలమది. సూక్ష్మజీవికి బిరుదులు తెలియవు. అది భీముణ్ణీ బికారినీ ఒక్కతీరుగానే చూస్తుంది.

కాలు పోయిన సర్కస్ వీరుడికి డేరా ఎక్కడిది? చివరి రోజుల్లో ఒడిశాలోని బొలాంగీర్‌లో, అక్కడి సంస్థానాధీశుడి ఆశ్రయంలో గడిపి 1942 జనవరిలో సంక్రాంతి రోజుల్లో కన్నుమూశాడు. అరవై ఏళ్లు మాత్రమే. దేశమంతా టిక్కెట్టు కొని చూసిన దేహం, ఒక రాజు దయ మీద ఆధారపడి రాలిపోయింది. ఆయన జ్ఞాపకంగా శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరు ఉంది. విశాఖపట్నం సముద్రతీరంలో విగ్రహం ఉంది. విగ్రహానికి రెండు కాళ్లూ ఉన్నాయి.

మనకెందుకు ఈ కథ?

మా తాత కూడా జాతరల్లో కుస్తీ పట్టినవాడే. ఒక ఏడు గెలిచిన వెండి కడెం చాలాకాలం మా ఇంట్లో ఉండేది. కరువు వచ్చిన ఏడు దాన్ని అమ్మి విత్తనాలు తెచ్చారు. అందుకని కడెం పోయిందన్న బాధ మా తాతకు లేదు, ఇంటికి అక్కరకు వచ్చింది కదా అని సంతోషపడేవాడు. కుస్తీలో పోయిన మోకాలు మాత్రం ఏ అక్కరకూ రాలేదు. చివరిదాకా కట్టె పట్టుకొనే పొలం పోయిండు.

ఇప్పుడు మా తమ్ముడు బాక్సింగ్ నేర్చుకుంటనని పట్టుబట్టి ఉన్నాడు. పొద్దున బస్సుకు నిజామాబాద్ పోయి వస్తానంటాడు. మా నాయిన అడిగే ప్రశ్న ఒక్కటే. దెబ్బ తగిలి మంచాన పడితే ఎవరు చూస్తరు? గెలిచినవాళ్ల ఫోటోలు పేపర్ల వస్తయి, ఓడినవాళ్లు ఏం తింటరు? ఇది పిరికితనం ప్రశ్న అని తమ్ముడు కోపం చేసుకుంటాడు. నాకు అట్లా అనిపించదు. నాలుగెకరాల మీద బతికే మనిషి వేసే సరైన ప్రశ్న అది. రామమూర్తి కథ చదివినంక ఆ ప్రశ్నకు ఇంకా బరువు పెరిగింది.

కాలం మారలేదా అంటే మారింది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం నిఖత్ జరీన్‌ను డి.ఎస్.పి.గా నియమించింది. మన నిజామాబాద్‌వాడే అయిన మహమ్మద్ హుసాముద్దీన్ కామన్వెల్త్ క్రీడల్లో 2018లోనూ 2022లోనూ కాంస్యాలు, 2023లో ప్రపంచ పోటీల్లో కాంస్యం తెచ్చాడు. పేరు తెచ్చినవారికి రాజు దయ అక్కర లేకుండా ఒక ఉద్యోగం, ఒక గౌరవం దొరుకుతున్నాయి. ఇది పెద్ద మార్పే. అయితే ఇది కొండ ఎక్కినవాళ్ల సంగతి. కొండ నడుమ కాలు బెణికినవాడికి, అంటే మన కళాశాల కబడ్డీ జట్టు ఆటగాడికో, జిల్లా పోటీల్లో మొదటి రౌండులోనే ఓడిన బాక్సర్‌కో, ఇవాళ్టికీ ఉన్నది రామమూర్తికి ఉన్న భరోసాయే.

అందుకని తమ్ముడికి నేను రెండు మాటలు చెప్పాను. నేర్చుకో, చదువు మాత్రం ఇడువకు. పినతండ్రి నారాయణస్వామి చూపిన దారి అదే. ఆ కుర్రవాడి ఇష్టాన్ని చంపకుండానే ఆయన చేతిలో ఒక సర్టిఫికెట్ పెట్టించాడు. మా నాయినతో కూడా మాట్లాడాను. ఒక ఏడాది చూద్దామని ఒప్పుకున్నాడు. బస్సు పాసు డబ్బులు నా స్కాలర్‌షిప్‌లోంచి ఇస్తానన్నాను.

మూడోమాట మన విద్యార్థి సంఘానికి. ప్రతి ఏడూ వార్షికోత్సవానికి డేరాలు, మైకులు, శాలువాలు, జ్ఞాపికల మీద మనం ఖర్చుపెడుతాం. అందులో ఒక భాగం తీసి కళాశాల తరఫున ఆడే ప్రతి విద్యార్థికీ ప్రమాద బీమా కట్టిద్దాం. నెలకొకసారి ఎముకల డాక్టర్ను గాని, ఫిజియోథెరపీ తెలిసినవారిని గాని మైదానానికి పిలిపిద్దాం. పూర్వ విద్యార్థుల్లో డాక్టర్లు చాలామంది ఉన్నారు, అడిగితే రాకుండా ఉండరు. దీనిమీద ఒక అర్జీ రాసి, మా తరగతి విద్యార్థుల సంతకాలతో సంఘం అధ్యక్షుడి చేతికి ఇచ్చాను. మిగతా తరగతుల సంతకాలకు కింద జాగా వదిలిపెట్టి ఉన్నది.